గంధం కింద చిలుము

బసవలింగయ్యగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడి చేత అదే ప్రశ్న మళ్ళీ అడిగించేవారు. రెండోసారి అడిగేటప్పటికి చాలామంది ప్రశ్న మారిపోయేది. అసలుది అప్పుడు బయటికి వచ్చేది.

మఠంలో కొత్తగా చేరిన శాంతప్ప ఒకనాడు ఆయన దగ్గరికి వెళ్ళి, "అయ్యా, పెద్దలు పెట్టినవాటిలో ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి?" అన్నాడు.

"మళ్ళీ అడుగు."

శాంతప్ప తల వంచుకున్నాడు. "పెద్దలు పెట్టినదాన్ని తీసేస్తే కీడు జరుగుతుందా అయ్యా? నాకు భయంగా ఉంది."

ఏమి తీయబోతున్నాడో గురువుగారు అడగలేదు. "కొండ వెనక ఆనకట్ట చూశావు కదా. కూర్చో," అని ఈ సంగతి చెప్పారు.

ఆ ఆనకట్టకు చాలా పైన, కొండల్లో, ఏటి నీటిమట్టం కొలిచే పరికరం ఒకటి ఉంది. అక్కడ మనిషి ఉండడు. అది కొలిచిన అంకె టెలిఫోను లైను మీద ఆనకట్ట గదిలోని మోడెంకు, మోడెం నుంచి ఒక కేబుల్ ద్వారా కంప్యూటరుకు వస్తుంది. వరద కంటే ముందు కబురు రావాలని ఆ ఏర్పాటు. అంకె ఎర్రగీత దాటితే గేట్లు ఎత్తాలి. ఎత్తే ముందు సైరన్ వేసి, కింద ఏటిలో ఉన్నవాళ్ళు గట్టెక్కేదాకా ఆగాలి. ఆ కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయి పేరు నాగరత్నం. ఆమె తండ్రి ఓబులేసు గొర్రెలు కాస్తాడు. ఆనకట్టకు దిగువన ఏటి నడుమ దిబ్బ మీద గడ్డి బాగుంటుందని మందను అక్కడికే తోలుకుపోతాడు. ఆనకట్ట నుంచి ఆ దిబ్బ దగ్గరికి మనిషి పరుగెత్తినా, నీళ్ళే ముందు చేరతాయి.

నాగరత్నానికి పని నేర్పినవాడు సంజీవప్ప. ఆమె కంటే ముందు ఆ కుర్చీలో కూర్చుని పదవీ విరమణ చేసినవాడు. ఆనకట్ట మీద ఒక ఆచారం ఉంది. పని నేర్పినవాడే ఆయుధపూజనాడు వచ్చి, నేర్చుకున్నవాళ్ళ పనిముట్టుకు బొట్టు పెడతాడు. మళ్ళీ ఏడు అతను వచ్చేదాకా దాన్ని ఎవరూ తుడవరు. గేట్ల మోటార్లకు, పానాలకు ఎప్పటినుంచో అలాగే జరుగుతోంది. ఆ ఏడు సంజీవప్ప కంప్యూటరుకు కూడా బొట్టు పెట్టాడు. తెర మీద పెట్టి ఊరుకోలేదు. "కబురు వచ్చేది ఈ తోవన కదా పాపా," అంటూ సీపీయూ వెనక కేబుల్ దూర్చే చోట తడిగంధం దండిగా మెత్తి, దాని మీద కుంకుమ అద్దాడు. నాగరత్నం చేతులు జోడించింది.

కొన్నాళ్ళకు కనెక్షన్ పోవడం, రావడం మొదలైంది. తెర మూలన చిన్న ఎర్ర గుర్తు పడేది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే పోయేది. పోయింది కదా అని ఆమె ఊరుకునేది. ఒకసారి గుర్తు ఎంతకూ పోకపోతే భయపడి సైరన్ వేసేసింది. నీళ్ళు రాలేదు. పరుగులో ఒక ముసలమ్మ పడి తుంటి విరిగింది. దిబ్బ మీది నుంచి గొర్రెలన్నీ తోలుకొచ్చిన ఓబులేసు, "ఏమ్మా, మీ మిషన్‌కు ఆకలైనా అరుస్తుందా?" అని కూతుర్ని అందరి ముందూ ఎగతాళి చేశాడు. ఆ తరువాత మోడెం మార్చారు. మోడెంలో కేబుల్ పెట్టే రంధ్రం మార్చారు. టెలిఫోను వాళ్ళు వచ్చి లైను బాగానే ఉందని చెప్పి వెళ్ళారు. సీపీయూ వెనక మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఆనాడు మధ్యాహ్నం కొండల మీద ఆకాశం నల్లబడింది. తెర మీద అంకె మాత్రం కదలకుండా నిలిచి ఉంది. మూలన ఎర్ర గుర్తు కూడా లేదు. నాగరత్నం దాన్ని చూసి మొదట ధైర్యం తెచ్చుకుంది. ఆ తరువాత అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే వేళ చూసింది. అది ఆమె అన్నం తినడానికి లేచిన వేళ. అప్పటినుంచీ కొత్త కబురు ఒక్కటీ రాలేదు. ఇంతసేపూ ఆమె చూస్తూ కూర్చున్నది ఎప్పటి నీళ్ళనో. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది. ఆ వేళ మారలేదు.

"సార్!" అని కేకేసింది. అసిస్టెంట్ ఇంజనీరు చెన్నకేశవులు పక్కగదిలోంచి వచ్చి తెర చూశాడు.

"సైరన్ వేద్దాం సార్. మా నాయన దిబ్బ మీద ఉన్నాడు."

"అంకె లేకుండా వేస్తే ఎవరు కదులుతారమ్మా? పోయినసారి మీ నాయనే కదా నవ్వింది? ముందు ఇది చూడు. ఏమేం మార్చాం మనం?"

"మోడెం మార్చినాం. రంధ్రం మార్చినాం."

"కేబుల్?"

ఇద్దరూ సీపీయూ వెనక్కి వంగి చూశారు. గంధం ఎండి రాయిలా బిగుసుకుపోయి ఉంది. కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.

"అది తీస్తే బొట్టు చెదురుతుంది సార్," అంది నాగరత్నం.

"తియ్యాల్సిందే."

"తియ్యండి సార్, మీరు ఆఫీసరు కదా."

చెన్నకేశవులు చెయ్యి చాపాడు. సగంలో వెనక్కి తీసుకున్నాడు. "సంజీవప్ప పెట్టింది నీకు కదమ్మా. నువ్వే తియ్యి."

చదువుకున్న ఇద్దరు మనుషులు ఒక కేబుల్ ముందు అలా నిలబడిపోయారు. కొండల్లో ఉరిమింది. ఎక్కడ ఎంత నీరు ఉందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. పెద్దాయన బొట్టు తీస్తే ఆ కీడు తండ్రికే తగులుతుందేమోనని నాగరత్నం భయం. తీయకపోతే ఏమి తగులుతుందో కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. "సంజీవప్ప మామా, తప్పైతే నా మీద పెట్టుకో," అని కంప్యూటరు ఆపేసి, కేబుల్ పట్టుకుని లాగింది.

గంధం పెళ్ళలుగా ఊడింది. కేబుల్ మొనలో ఉండే రాగి ముళ్ళకు పచ్చగా చిలుము పట్టి ఉంది. దూర్చే చోట లోపల కూడా గంధం పేరుకుని ఉంది. తడి తగిలి, ఆరి, మళ్ళీ వాన చెమ్మ పట్టి, లోహాన్ని తినేసింది. ఆమె పిన్నుతో లోపల గోకింది, పొడిగుడ్డతో తుడిచింది. చెన్నకేశవులు బీరువాలోంచి కొత్త కేబుల్ తెచ్చి ఇచ్చాడు. కంప్యూటరు తిరిగి లేచేదాకా ఇద్దరూ తెర ముందే నిలబడ్డారు. సీపీయూ వెనక చిన్న దీపం వెలిగింది. తెర మీద అంకె మారింది.

అది ఎర్రగీతను ఎప్పుడో దాటిపోయింది.

నాగరత్నం సైరన్ వేసి మీట మీద నుంచి చెయ్యి తీయలేదు. చెన్నకేశవులు కింది ఊరికి ఫోన్ చేసి అంకె చెప్పాడు. అంకె విన్నాక ఊరు కదిలింది. జనం ఏటి ఒడ్డున నిలబడి దిబ్బ వైపు కేకలు వేశారు. ఆనకట్ట దగ్గర నీరు కళ్ళముందే పెరుగుతోంది. ఆమె ఇంకొంచెం, ఇంకొంచెం అంటోంది. చివరికి ఆయన, "ఇక ఆగితే కట్ట తెగుతుందమ్మా, ఊరే పోతుంది," అని గేట్లు ఎత్తాడు. ఆ నీటి మోత విన్నాక ఆమె నేల మీద కూలబడింది. తండ్రి గట్టెక్కాడో లేదో తెలియదు. ఊరికి మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు.

పొద్దుగూకేముందు ఓబులేసు నడుముదాకా బురదతో గది గుమ్మంలోకి వచ్చాడు. "పిల్లలు కొన్ని పోయినాయి," అన్నాడు. గొర్రెపిల్లల మాట అది. ఎగతాళి చేయలేదు. కూతురు కంటపడ్డాక గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

మర్నాడు సంజీవప్ప వచ్చాడు. సీపీయూ వెనక చూశాడు.

"ఎవరు తీసింది?"

"నేనే మామా."

"నన్ను ఒక మాట అడగాల్సింది పాపా."

"అడిగేదాకా నీళ్ళు ఆగవు మామా." ఆమె పాత కేబుల్ మొన ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి చూశాడు. చిలుము గోటితో గీకి చూశాడు. ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

గురువుగారు అక్కడ ఆపారు. శాంతప్ప ముఖంలో భయం ఇంకా పోలేదు. "ఆయన కోపం తగ్గిందా అయ్యా?"

"నాకు తెలియదు. మరుసటి ఆయుధపూజకు ఆ అమ్మాయి ఆయన ఇంటికి వెళ్ళి పిలిచింది. ఆయన వచ్చాడు."

"మళ్ళీ అక్కడే బొట్టు పెట్టాడా?"

"గంధం గిన్నె ఆయన చేతిలోనే ఉంది," అన్నారు బసవలింగయ్యగారు. "ఎక్కడ పెట్టాలో ఆమె చూపించింది."