గిజిగాడు పీకి చూసిన ముడి

అమ్మలారా, అయ్యలారా! నారు పోసిన దేవుడే నీరూ పోస్తాడు, కాదనను. కానీ మడికి గట్టు మనమే వేసుకోవాలి కదా!

ఆ సంగతి మన గిజిగాడికి బాగా తెలుసు. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు గూళ్ళు అల్లి, అల్లడం చేతగాని పక్షులకు అమ్ముకుంటాడు. ఇదివరకు బేరాలు నోటిమాటతో నడిచేవి. అడవికి ఈమెయిలు వచ్చాక అందరిదీ ఒకటే మాట: "నీ మెయిలు చెప్పు, ఉత్తరం పడేస్తాం." తొలకరికి పక్షం రోజులే ఉంది. ఆలోగా బేరాలు రాకపోతే వానల్లో పిల్లల నోట్లోకి గింజ పోదు. వాళ్ళకని దాచినవి పోను, తన పొట్టకు మిగిలింది దోసెడు జొన్నలు. వాటితోనే మెయిలు పెట్టెలు అద్దెకిచ్చేవాళ్ళ దగ్గరికి బయల్దేరాడు.

"మెయిలుకు నెలకు గంపెడు జొన్నలు," అన్నాడు నెమలిదొర పురి విప్పి. గిజిగాడు దణ్ణం పెట్టి వచ్చేశాడు.

"ఏడాదికి దోసెడు తమ్ముడూ," అంది చీమక్క. "పెట్టె చిన్నది, పాత ఉత్తరాలు నువ్వే ఏరి పారెయ్యాలి. చిరునామా మాత్రం నీ పేరు మీదే. నేను నచ్చకపోతే దాన్ని పట్టుకుని ఇంకోచోటికి పో."

నక్కమామ కొట్టు ముందు పెద్ద బారు. "రా అల్లుడూ! నా దగ్గర ఉచితం. చిరునామా చివర నా పేరుంటుంది, అంతే!"

గిజిగాడికి ఆశ పుట్టింది. ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అన్నారు కదా! సరేననబోయి, పెళ్ళాం గుర్తొచ్చి ఆగాడు. వాళ్ళ జాతిలో ఒక ఆచారం ఉంది. మగవాడు గూడు సగం అల్లి పిలుస్తాడు. ఆమె వచ్చి, కొమ్మకు వేసిన ముడిని ముక్కుతో పీకి చూస్తుంది. ముడి జారిందా, ఎంత ముచ్చటైన గూడైనా అడుగు పెట్టదు. ఆవిడ చేతిలో మూడు గూళ్ళు పోగొట్టుకున్నవాడు మరి!

"మామా," అన్నాడు అందరూ వినేలా, "పై ఏడు నువ్వు గంపెడు అడిగితే?"

"అడిగితే ఇస్తావ్!"

"ఇవ్వలేక వెళ్ళిపోతే?"

నక్కమామ పకపకా నవ్వాడు. "ఎక్కడికి పోతావురా పిచ్చోడా? అప్పటికి అడవంతా నా చిరునామాకే రాస్తుంటుంది. నువ్వు పోయినా నీ ఉత్తరాలు నా గుమ్మానికే వస్తాయి!"

బారులోంచి ముందు మైనా జరిగింది. "పిల్లలు ఏడుస్తున్నారు, మళ్ళీ వస్తా మామా." వెనకే పిచ్చుక. ఆ వెనక అందరూ.

"అల్లుడూ, మాటవరసకన్నానయ్యా!"

"నేనూ మాటవరసకే ముడి పీకాను మామా. జారింది."

ఆ సాయంత్రం చీమక్క ముందు దోసెడు జొన్నలూ పోస్తుంటే గిజిగాడి ప్రాణం ఉసూరుమంది. రెండు రోజులు వాగు నీళ్ళతో సరిపెట్టుకున్నాడు, దేవుణ్ణి తలుచుకుంటూ. మూడోనాడు అతని పేరున్న చిరునామాకే మైనా ఉత్తరం వచ్చింది: "రెండు గూళ్ళు కావాలి. ముడి పీకి చూశాకే తీసుకుంటా."

నక్కమామ మాత్రం ఖాళీ పెట్టెలు దులుపుకుంటూ కూర్చున్నాడు.

అందుకే, గూడు ఖరీదు అడిగే ముందు కొమ్మ ఎవరిదో అడగండి.