మోకాల్లోతు మనిషి

నల్లవాగు అవతలి గూడేలకు జీపు తోలే బుల్లబ్బాయికి ఒక జబ్బు ఉండేది: స్టీరింగు పట్టాక మధ్యలో కిందికి దిగడమంటే మహా నామోషీ.

ఆ దారిలో బండ్లు తోలేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. వాన పడ్డాక వాగు దగ్గరికి వచ్చినవాడు ఎవడైనా సరే, బండి ఆపి, కర్ర విరుచుకుని, అవతలి గట్టుదాకా నడిచి రావాలి. కాలు ఆనిన దారినే బండి దింపాలి. కాలు ఆనకపోతే వాగు తగ్గేదాకా గట్టునే కూర్చోవాలి. బుల్లబ్బాయికి వరసకు బావ అయ్యే సోములు నాలుగు చినుకులు పడ్డా చాలు, దిగి నడిచేవాడు.

"ఏం బావా, వాగుకి ప్రదక్షిణాలు చేస్తున్నావా?" అని బుల్లబ్బాయి వెక్కిరించేవాడు.

"వాగు అడుగు నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు బావా. నడవలేని చోట నడపకూడదు," అనేవాడు సోములు.

"ముందు నీ లుంగీ ఆరబెట్టుకో పో," అని నవ్వి, ఇతగాడు నీళ్లు చిమ్ముకుంటూ దూసుకుపోయేవాడు. అదృష్టం బాగుండి అన్నాళ్లూ గట్టెక్కాడు.

ఒక శ్రావణమాసపు సాయంత్రం సంత నుంచి ఒంటరిగా ఇంటికి వస్తున్నాడు. పైన కొండల్లో వాన దంచికొట్టింది. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్ల హోరు తప్ప అడవిలో కప్ప అరుపు కూడా లేదు.

నడివాగులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. నీళ్లు అతని మోకాళ్లు దాటలేదు. అంత వరదలోనూ ఇసుమంతైనా కదలడం లేదు.

"ఓస్, మోకాల్లోతేనా!" అనుకుని బుల్లబ్బాయి హారన్ కొట్టాడు. ఆ మనిషి మెల్లగా చెయ్యెత్తాడు. ముఖం మాత్రం కనబడలేదు. బుల్లబ్బాయికి ఎందుకో ఒళ్లు జలదరించింది. దిగి చూద్దామా అనిపించింది. అంతలోనే, పరాయివాడు చూస్తుండగా దిగడమేమిటని రోషం పొడుచుకొచ్చింది. గేరు వేశాడు.

ముందు చక్రాలు దిగాయి. దిగుతూనే పోయాయి. అడుగున బురద వాటిని పట్టేసింది. ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. నీళ్లు ఒళ్లోకి వచ్చాయి, రొమ్ముదాకా వచ్చాయి. కిటికీలోంచి ఎలాగో పాకి టాపు మీదికి ఎక్కాడు. "ఓ అన్నా! చెయ్యందించు!" అని అరిచి అటు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

వాగు ఇంకా పెరుగుతూనే ఉంది. టాపు మీదికీ నీళ్లు వచ్చాయి. పాదాలు మునిగాయి, పిక్కలు మునిగాయి. "మంగా! నిన్నింక చూడలేనే!" అని ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న పెళ్లాన్ని తలుచుకుని గొల్లుమన్నాడు. చలికి తట్టుకోలేక తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

అప్పుడు గట్టు మీద జీపు లైట్లు కనిపించాయి. అది సోములు బండి. రావద్దని బుల్లబ్బాయి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నీళ్లు తన మోకాళ్లదాకా ఉన్నాయి. తలకు తువ్వాలు ఉంది. ఇందాక ఆ మనిషి చెయ్యెత్తి చెప్పిందీ రావద్దనేనా? మరి అతను దేని మీద నిలబడ్డాడు? బుల్లబ్బాయికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"రాకు బావా! చస్తావు!" అని గొంతు చించుకున్నాడు. ఆ హోరులో తన మాట తనకే వినబడలేదు. లైట్లు నీళ్ల అంచుదాకా వచ్చేశాయి.

అక్కడ ఆగాయి. సోములు ఎప్పటిలాగే కిందికి దిగాడు. కర్ర విరిచి నీళ్లలో పొడిచి చూశాడు. కర్ర మొత్తం మునిగినా అడుగు తగల్లేదు. గబగబా వెనక్కి వచ్చి, బండిలోని తాడు ఒక కొస మద్దిచెట్టుకు కట్టాడు. రెండో కొసకు రాయి కట్టి విసిరాడు. విసరగా విసరగా అది బుల్లబ్బాయి చేతికి అందింది. నడుముకు బిగించుకుని దూకాడు. సోములు లాగి గట్టున పడేశాడు.

"నువ్వు మోకాల్లోతులో నిలబడి రమ్మంటున్నావనుకున్నాను బావా," అన్నాడు సోములు వగరుస్తూ. "అయినా అలవాటు ఊరుకోదు కదా, దిగాను."

బుల్లబ్బాయి అతని కాళ్లు చుట్టేసుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

వరద తగ్గాక గూడెంవాళ్లు జీపును బయటికి లాగారు. దానికి కాస్త ముందు, బురదలో, తుప్పుపట్టిన పాత జీపు టాపు ఒకటి బయటపడింది. అది ఎవరిదో, ఎప్పుడు మునిగిందో ఎవరికీ తెలియదు. ఆనాటి నుంచి బుల్లబ్బాయి చీలమండ లోతు నీళ్లకైనా దిగి, కర్ర పట్టుకుని నడిచి చూశాకే బండి కదిలించేవాడు. అవతలికి చేరాక ఆ పాత జీపు వైపు తిరిగి ఒక దణ్ణం పెట్టుకునేవాడు.

ఎవరో నిలబడ్డారు కదా అని నీళ్ల లోతును నమ్మకూడదు; మన కాలితో తెలుసుకున్నాకే ముందుకు పోవాలి. దిగి చూసినవాడికి నామోషీ లేదు, మునిగినవాడికి రోషం అక్కరకు రాదు.