పల్లకీలో నిమ్మకాయ

అనగనగా ఒక ఊళ్ళో, కాళ్ళుండీ నడవని దొర ఒకడు ఉండేవాడమ్మా. ఎక్కడికి వెళ్ళినా పల్లకీయే. నలుగురు బోయీలు మోసేవాళ్ళు. ముందు పోలయ్య, వెనక వాళ్ళన్న సింహాద్రి, పక్కన మరో ఇద్దరు. "ఓహోం, ఓహోం" అంటూ నలుగురూ ఒక్క అడుగుగా నడిచేవాళ్ళు. లోపల గిన్నెలో పాలు పెట్టినా తొణకవు. అదీ వాళ్ళ పనితనం. ఆ పనితనమే వాళ్ళ మెడకు చుట్టుకుంది, విను.

ఒకనాడు మండుటెండలో పొరుగూరికి బయల్దేరారు. దారిలో వాగు వచ్చింది. "దాహం దొరా, కాస్త దించుతాం" అన్నాడు పోలయ్య.

తెరల వెనక దొర, దిష్టికి పెట్టుకున్న నిమ్మకాయను పైకెగరేశాడు. అది తిన్నగా ఒళ్ళోనే పడింది.

"చూశారట్రా? పల్లకీ కదిలితే కాయ వెనక్కి పోదూ? మీరు నిలబడే ఉన్నారు. ఊళ్ళే నా దగ్గరికి వస్తున్నాయి. నిలబడ్డవాళ్ళకి దాహమేంట్రా, సోమరిపోతుల్లారా!"

విన్నావా బంగారం! భుజాలు కాయలు కాసినవాళ్ళని అంత మాట అనడానికి నోరెలా వచ్చిందో! పల్లకీతో పాటు కాయా నడుస్తోందని ఆ మహానుభావుడికి తట్టలేదు.

ఆ తర్వాత తోటలో బావి వచ్చింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ ఎగరేశాడు. మళ్ళీ ఒళ్ళోనే పడింది. నీళ్ళు లేవు పొమ్మన్నాడు.

అప్పుడు చలివేంద్రం వచ్చింది. వరసగా కుండలు, వాటికి తడిగుడ్డలు. పోలయ్యకు వెనక నుంచి అన్న "ఓహోం" వినపడలేదు.

"అన్నా!"

సింహాద్రికి నాలుక పిడచకట్టుకుపోయింది పాపం.

"దొరా, ఇంకొక్కసారి ఎగరెయ్యండి."

"ఇదిగో చూడరా!" అని ఎగరేశాడు దొర.

"ఆగండి!" అని అరిచాడు పోలయ్య. నలుగురూ ఠక్కున ఆగారు. నిమ్మకాయ ముందు తెరను తోసుకుని దూకి, వెళ్ళి కుండల దగ్గర పడింది. దొర తలపాగా దాని వెంటే పోయింది.

"ఎవడ్రా తోసింది?"

"ఎవరూ తొయ్యలేదు దొరా. అది మాతో పాటు నడుస్తున్న కాయ. మేం ఆగాం. దాన్ని ఆగమని ఎవరూ చెప్పలేదు."

పల్లకీ దించారు. ముందు సింహాద్రికి నీళ్ళు పట్టి, ఆ తర్వాత అందరూ కడుపునిండా తాగారు.

"ఇక లేపండ్రా!" అన్నాడు దొర.

"మేమెప్పుడు నడిచాం దొరా? ఊళ్ళే వస్తాయన్నారుగా. కూర్చోండి, ఊరే వస్తుంది."

అని అన్న చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టాడు పోలయ్య. మిగతా ఇద్దరూ వెనకే నడిచారు.

దొర కూర్చున్నాడు ఊరు వచ్చేదాకా,
కథ నడిచింది కంచిదాకా,
నువ్వు బజ్జో తెల్లారేదాకా!