ఏ క్లాసులో వెయ్యమంటారు మాస్టారూ

"పిల్లని ఏ క్లాసులో వెయ్యమంటారు మాస్టారూ?" అని భ్రమరాంబ అడగని ఆదివారం లేదు. "చూద్దామమ్మా" అని సన్యాసిరావు మాస్టారు అనని ఆదివారమూ లేదు.

మాస్టారు విశాఖపట్నంలో ఒక హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. మహారాణిపేటలో తన మేడ మీద, రేకుల షెడ్డు కింద, ఆదివారం పొద్దుట పెద్దవాళ్లకి మాత్రం బొమ్మలు నేర్పేవారు. పిల్లల వెంట తిరగడానికి మోకాళ్లు సహకరించక వాళ్లకి నేర్పడం మానుకున్నారు. ఏ రంగులో ఏది కలిపితే ఏమొస్తుందని అడిగితే వెంటనే చెప్పేవారు. ఏది మంచిది, ఏం చెయ్యమంటారు అని అడిగితే మాత్రం ఆ "చూద్దాం" ఒక్కటే జవాబు. ఆ చూడడం ఎన్నాళ్లు పడుతుందో ఎవరికీ తెలీదు. ఓపిక లేనివాళ్లు వేరే మాస్టార్లని వెతుక్కునేవారు.

భ్రమరాంబకి ఓపిక లేదు, వెతుక్కునే చోటూ లేదు. ఆమె ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. బొమ్మల మీద సరదా ఉండి మాస్టారి దగ్గర చేరలేదామె. తొమ్మిదేళ్ల కూతురు చార్వి బొమ్మలు వెయ్యడం మానేసింది. పిల్ల దగ్గర్నుంచి పోయిందేమిటో తెలియాలంటే ఆ పని తనూ చేసి చూడాలనుకుంది. అలా శిష్యురాలైంది. కుండీ, కూజా, అరటిగెల ముందు కూర్చుని గీతలు గీస్తున్నా ఆమె చెవి ఎప్పుడూ ఇంటివైపే ఉండేది.

చార్వికి మాటల కంటే ముందు గీతలు వచ్చాయి. కరెంటు బిల్లుల వెనక, తలుపుల మీద, స్నానాలగది అద్దానికి పట్టిన ఆవిరి మీద, తన మోచేతుల మీద, ఎక్కడ చోటు దొరికితే అక్కడ గీసేది. పిల్లలో ఇంత ఉన్నప్పుడు ఊరికే పోనిస్తే ఎలా అని తల్లి వీధి చివర క్లాసులో వేసింది. అక్కడ పోటీలకి తయారుచేసేవారు. రెండు కప్పులొచ్చాయి. తర్వాత, డ్రాయింగులో గ్రేడు పరీక్షలు రాయించే చోట వేసింది. క్లాసున్న రోజు పొద్దున్నే పిల్లకి వాంతులు పట్టుకున్నాయి. ఆ తర్వాత పోటీలూ పరీక్షలూ లేకుండా బొమ్మలు నేర్పే ఓ పెద్దావిడ ఇంటికి పంపింది. అక్కడ చార్వి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, తెల్లకాగితం తెల్లగానే వెనక్కి తెచ్చేది. ఒకనాడు తన రంగుపెన్సిళ్ల డబ్బా పక్కింటి పాపకి ఇచ్చేసింది. ఎందుకిచ్చావే అంటే, "నాకు రాదు కదమ్మా" అంది. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. నాకు ఈత రాదు అన్నంత మామూలుగా అంది. ఆ మామూలు మాటే భ్రమరాంబకి ముల్లులా దిగబడిపోయింది.

"ఊరికే గీసుకునే పిల్లని క్లాసుల్లో వేసి మాన్పించింది" అని అత్తగారు ఒకసారి చింతపండు పిసుకుతూ, ఎదురుగా ఉన్న కోడల్ని కాక ఎవరినో అన్నట్టు అన్నారు. అది నిజమేమోనన్న భయం కోడలికి అత్తగారి కంటే ముందునుంచే ఉంది. నిజమైతే మళ్లీ ఇంకో క్లాసులో వెయ్యడం పాపం. కాకపోతే వెయ్యకపోవడం పాపం. ఎటు అడుగేసినా తప్పే అయ్యేటట్టుంది.

అటువంటి రోజుల్లో బీచి రోడ్డు మీద ఒక కొత్త కళాకేంద్రం తెరిచారు. మొదటి అంతస్తులో చిన్నపిల్లలకి, రెండో దాంట్లో హైస్కూలు, కాలేజీ పిల్లలకి, మూడో దాంట్లో పెద్దవాళ్లకి. ఆదివారం సాయంత్రం ఎవరైనా వచ్చి ఒక క్లాసు ఉచితంగా కూర్చుని చూసుకోవచ్చన్నారు. భ్రమరాంబ మాస్టారి దగ్గరికి పరిగెత్తింది.

"మీరొక్కసారి వచ్చి చూడండి మాస్టారూ. వెయ్యమంటే వేస్తాను. వద్దంటే ఈ జన్మలో ఇంక క్లాసుల ఊసెత్తను. ఏదో ఒకటి మీ నోటితో చెప్పండి."

"నేనేటి చెప్పగలనమ్మా," అన్నారు మాస్టారు. చేతికంటిన రంగు తుడుచుకుంటూ, "వస్తాను" అన్నారు.

ఆటోలో చార్వి ఇద్దరి మధ్యా కూర్చుంది. దారి పొడుగునా తల్లి ధైర్యం చెబుతూనే ఉంది. "భయపడకు. నీకు నచ్చింది వెయ్యి. సరిగా రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. నేనక్కడే ఉంటాను, నిన్నే చూస్తూ ఉంటాను." అన్నప్పుడల్లా పిల్ల తలూపింది. తన చేతిలో ఉన్న పిల్ల చెయ్యి చెమట పట్టిందనుకుంది భ్రమరాంబ. వదిలి చూసుకుంటే ఆ చెమట తనదే. మాస్టారు అటు తిరిగి సముద్రం చూస్తున్నారు.

కళాకేంద్రంలో స్నిగ్ధ అనే టీచరు ఎదురొచ్చింది. చిన్న వయసు, నవ్వు మొహం. పిల్ల ఎత్తుకి వంగి పేరడిగింది, జడలు మెచ్చుకుంది. "ముందు పాప ఏ లెవెల్లో ఉందో చూసుకుంటాం మేడమ్. దాన్ని బట్టి బ్యాచి చెప్తాం" అని మొదటి అంతస్తులో ఒక గదిలోకి తీసుకెళ్లి బల్ల ముందు కూర్చోబెట్టింది. "నీకు బాగా ఇష్టమైంది ఏదైనా వెయ్యి తల్లీ" అని కాగితం, పెన్సిలు ఇచ్చి బయటికొచ్చింది. తల్లిదండ్రులకి కనబడాలని ఆ గదికి ఒకవైపంతా గోడకి బదులు అద్దం పెట్టారు. భ్రమరాంబ వెళ్లి ఆ అద్దానికి ఆనుకుని నిలబడింది. చార్వి కాగితం మీద తన పేరు రాసింది. తలెత్తి అద్దం వైపు చూసింది. తల్లి నవ్వి, వెయ్యి వెయ్యి అని సైగ చేసింది. పిల్ల మళ్లీ కాగితం వైపు చూసింది.

ఈలోగా స్నిగ్ధ బ్యాచిల వివరాలు మొదలుపెట్టింది. భ్రమరాంబ అటు తిరిగి తన మనసులో ఉన్నవన్నీ అడిగింది. ఒక్కో టీచరుకి ఎంతమంది పిల్లలు? ఏడిస్తే ఏం చేస్తారు? ఏమీ వెయ్యకుండా కూర్చుంటే తిడతారా? తిట్టకపోతే అసలు నేర్చుకుంటుందా? ఆ అమ్మాయి ఓపిగ్గా చెబుతూ ఉంటే ఒక్కో జవాబులోంచి ఇంకో ప్రశ్న పుట్టుకొచ్చింది. అన్నీ అయి ఇటు తిరిగేసరికి అద్దం అవతల కుర్చీ ఖాళీగా ఉంది. కాగితం మీద పేరు తప్ప ఇంకేమీ లేదు.

బాత్రూముకెళ్లిందేమో అనుకున్నారు. లేదు. చిన్నపిల్లల క్లాసులోకి వెళ్లిందేమో అనుకున్నారు. అక్కడ వంచిన తలల్లో రెండు జడల తలలు చాలా ఉన్నాయి, చార్వి లేదు. వాచ్‌మన్, ఎవరిదో కారు వెనక్కి తియ్యడానికి సాయం చేసి అప్పుడే గేటు దగ్గరికొస్తున్నాడు. "నేను చూళ్లేదు మేడమ్" అన్నాడు. గేటు బార్లా తీసి ఉంది. గేటు ముందు రోడ్డు, రోడ్డుకి అవతల సముద్రం.

"నువ్వు కిందంతా చూడమ్మా, నేను పైకెళ్లి చూస్తాను" అని మాస్టారు కమ్మీ పట్టుకుని మెట్లెక్కసాగారు. భ్రమరాంబకి ఆ మాట సగమే వినబడింది. రోడ్డు ఎలా దాటిందో ఆమెకే తెలీదు. ఏదో బస్సు గట్టిగా హారను కొట్టింది, ఎవరో తిట్టారు. ఇసుకలో చెప్పు ఒకటి ఊడిపోయింది. ఆదివారం సాయంత్రమేమో, ఒడ్డు నిండా పిల్లలే. ప్రతి పిల్లా వెనకనుంచి చార్వే, దగ్గరికెళ్తే ఎవరో. ఒక అల వచ్చి పాదాలు తడిపి వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకని లాగేసింది. "నేనే తీసుకొచ్చాను, నేనే తీసుకొచ్చాను" అని ఆమె నోట్లోనే గొణుక్కుంది.

ఫోను మోగింది. "ఉందమ్మా," అన్నారు మాస్టారు రొప్పుతూ. "పైన ఉంది. బాగానే ఉంది. నువ్వు మెల్లిగా రా." మళ్లీ అన్నారు, "మెల్లిగా."

మెల్లిగా రావడం ఏ తల్లికి చేతనవుతుంది? ఒంటికాలి చెప్పుతో ఆమె మూడంతస్తులూ ఎక్కింది. ఎక్కుతుంటే భయం కరిగి కోపమైంది. చెంప పగలగొట్టాలనుకుంది. గుండెల్లో దాచేసుకోవాలనుకుంది. పెద్దవాళ్ల క్లాసు గుమ్మంలో మాస్టారు ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె రాగానే రెండో చెయ్యి అడ్డం పెట్టారు. లోపలికి చూడమన్నట్టు తల తిప్పారు.

గది మధ్యలో బల్ల మీద రాగిచెంబు, అనాసపండు, మడతలు వదిలిన చీర పెట్టి ఉన్నాయి. చుట్టూ పెద్దవాళ్లు కాగితాలు నిలబెట్టిన కర్రచట్రాలతో, ఎవరి చట్రం ముందు వాళ్లు కూర్చుని బొమ్మలు వేసుకుంటున్నారు. ఒకాయన చెయ్యి చాచి పెన్సిలుతో కొలతలు చూసుకుంటున్నాడు. ఒకావిడ వేసింది చెరుపుకుంటోంది. ఎవరి తంటా వాళ్లది. ఆ పిల్ల ఎవరి పిల్లా అని అక్కడ ఎవరూ అనుకున్నట్టు లేదు. అనుకున్నా, ఇక్కడివాళ్లలో ఎవరి మనవరాలో అయ్యుంటుందనుకుని ఊరుకున్నారు. చట్రాల వెనక, గుమ్మానికి దగ్గర్లోనే గోడ వారగా, చార్వి నేల మీద బోర్లా పడుకుని ఉంది. ఎవరో పారేసిన కాగితం వెనకవైపు, ఎవరో జారవిడిచిన బొగ్గుముక్కతో గీస్తోంది. నాలుక పెదవి చివర బయటికొచ్చింది.

పిల్ల చెంబుని వెయ్యడం లేదు, అనాసపండునీ వెయ్యడం లేదు. కింద పడుకున్న పిల్లకి ఏం కనబడతాయి? పాదాలు కనబడతాయి. కాగితం నిండా పాదాలే వేసింది. పగుళ్లు తేరిన మడమ, మెట్టెల వేలు, తాడు ఊడిన బూటు, వాటి మధ్య చట్రాల కర్రకాళ్లు. అన్నీ వంకరగానే ఉన్నాయి. కానీ ఆ మెట్టెల వేలు నేలని నొక్కుతున్న తీరు చూస్తే, ఆ మనిషి తన బొమ్మ కుదరక విసుక్కుంటోందని తెలిసిపోతోంది. భ్రమరాంబకి కళ్లు మసకలు కమ్మాయి. ఎన్నాళ్లయింది ఆ నాలుక బయటికి రావడం చూసి!

అలవాటు చెడ్డది. ఆమె చెయ్యి తెలియకుండానే సంచిలో ఫోను మీదికి పోయింది. చార్వి గీసిన ప్రతి బొమ్మా, రంగు ఆరకముందే ఫోటో అయి, బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లేది. పెదనాన్నలు, మేనత్తలు చప్పట్ల బొమ్మలు పెట్టేవారు. వాళ్లేమన్నారో తల్లి చదివి వినిపించేది. ఇప్పుడు కూడా ఫోను సగం బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే చార్వి తలెత్తి చూసింది.

పిల్ల భయపడలేదు. లేవలేదు. రెండు అరచేతులూ ఆ కాగితం మీద పరిచి, కప్పేసింది.

భ్రమరాంబ కొయ్యబారిపోయింది. వాంతులు చేసుకున్న రోజున కూడా ఈ పిల్ల తననుంచి ఏదీ కప్పుకోలేదు. ఏది చూపించమంటే అది చూపించింది, ఎక్కడికి పద అంటే అక్కడికి వచ్చింది. "ఏం వేశావు?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "చెప్పకుండా ఎందుకొచ్చావే!" అన్న కేక దాని వెనకే వచ్చింది. రెండూ మింగింది. ఫోను సంచిలోకి వదిలేసింది. ఇంకేం చెయ్యాలో తోచక గుమ్మం మీద కూలబడి, మొహం మెట్లవైపు తిప్పుకుంది. వెనక చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అయిపోయింది, ఇదీ నేనే చెడగొట్టాను అనుకుంది. అంతలో కాగితం మీద బొగ్గు గీసిన గరగర మెల్లిగా మళ్లీ మొదలైంది. ఆమె చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

స్నిగ్ధ పరుగున వచ్చింది. "హమ్మయ్య, దొరికిందా మేడమ్!" అంటూనే లోపలికి తొంగిచూసి, "అబ్బో, పాప బొగ్గుతో కూడా వేస్తుందే! ఏదీ, ఒక్కసారి చూపించు తల్లీ. మేడమ్, ఇది చూస్తే లెవెలు చెప్పెయ్యొచ్చు" అని చెయ్యి చాపింది.

"వద్దండీ," అంది భ్రమరాంబ లేచి నిలబడి. "చూడొద్దు. నేనూ చూడలేదు."

చివరి మాట పూర్తిగా నిజం కాదు. చార్వి తల్లి వైపు ఒక్క క్షణం చూసింది. కాగితాన్ని చిన్నగా మడిచి గౌను బొడ్డు పట్టీలోకి దోపుకుంది. తెల్లగౌను మీద పది వేళ్లూ అచ్చుపడ్డాయి. మెట్లు దిగుతూ తల్లి, "చెప్పి వెళ్లాలి నాన్నా. నిన్ను వెతుక్కుంటూ సముద్రం దాకా పోయొచ్చాను" అంది. పిల్ల ఆమె ఒంటికాలి చెప్పుని చూసి తల దించుకుంది.

"కింద అద్దం ఉందమ్మా," అంది.

తిరుగుదారిలో చార్వి ఆటో అంచున కూర్చుని, దాటిపోతున్నవాటిని చూస్తూ ఉంది. ఒక చెయ్యి బొడ్డు పట్టీ మీదే ఉంచుకుంది. భ్రమరాంబ గొంతు తగ్గించింది. "ఇప్పుడేం చెయ్యను మాస్టారూ? పెద్దవాళ్ల క్లాసులో వెయ్యనా? దాన్నెవరూ పట్టించుకోని చోటు వెతకాలా? అలాంటి చోట అది మళ్లీ తప్పిపోతే? రేపు మళ్లీ మానేస్తే? ఇదేదో ఇవాళ్టి ముచ్చటే అయితే?"

మాస్టారు మహారాణిపేట సందు మొదట్లో ఆటో ఆపించి, వాచిన మోకాలు చేత్తో పట్టుకుని నెమ్మదిగా దిగారు. పిల్ల వైపు, పట్టీ మీద ఉన్న ఆ నల్లని చేతి వైపు కొంతసేపు చూశారు.

"నిన్నటిదాకా ఈ పిల్ల దగ్గర దాచుకోడానికంటూ ఏటీ లేదమ్మా," అన్నారు. "ఇవాళ ఉంది."