రాజ్యంలో వైద్యులు లేరు

మల్లెగిరి రాజు జగ్గభూపతికి ఆ ఏడు చలిజ్వరం వచ్చి, ఆస్థాన వైద్యుడు శరభయ్య ఇచ్చిన కషాయంతో చెమటపట్టి తగ్గింది. లేచి కూర్చోగానే రాజుగారికి ఒక ముచ్చట పుట్టింది.

"ఈ మందు నా ఒక్కడికేనా, ఊరందరికీ పనిచేస్తుందా? నెల్లాళ్ళలో తేల్చండి" అన్నాడు.

మందిచ్చి పరీక్షించే పని శరభయ్యకు, జనాన్ని పిలిచే పని విదూషకుడు తిప్పన్నకు దక్కింది. తిప్పన్నకు తన మాటమీద మహా మోజు. దండోరా తనే రాశాడు.

"జ్వరం తగిలినవారు జాగు చేయక, కోట చేరండి కొంకు లేక!"

తనే చదువుకున్నాడు, తనే తల ఊపుకున్నాడు.

కోట కొండమీద ఉంది. మూడువందల అరవై మెట్లు. అయినా ఐదువందల మంది ఎక్కి వచ్చారు. అక్కడే కషాయం తాగి దిగి వెళ్ళారు. అందరికీ జ్వరం తగ్గింది.

శరభయ్య సభలో ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "ఐదువందల మందికీ గుణమిచ్చింది ప్రభూ! పైగా వచ్చినవాళ్ళలో కుంటివాడు లేడు, గుడ్డివాడు లేడు, చెవిటివాడు లేడు. మీ ఏలుబడిలో అలాంటివాళ్ళే లేరు!"

రాజు మీసం దువ్వుకున్నాడు. ఎల్లుండే కషాయం కుండల్ని బళ్ళకెక్కించి ఊరూరికీ పంపమన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది తిప్పన్నే. దండోరా తనది మరి!

ఆ సాయంత్రం మేదరి వీధికి బుట్ట కొనడానికి వెళ్ళాడు. బుట్టలల్లే ఓబులమ్మకు చిన్నప్పుడే కాళ్ళు చచ్చుబడ్డాయి. చక్రాల పలకమీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ తిరుగుతుంది. ఆమె భర్త చెంచయ్యకు పుట్టుకతోనే చెవుడు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటారు, చేతులతోనే పోట్లాడుకుంటారు.

"నా దండోరా ఎలా ఉంది ఓబులమ్మా?" అన్నాడు తిప్పన్న, పొగడ్త కోసం.

"బాగానే ఉందండి. మా ఆయనే వినలేదు."

"నువ్వు విన్నావుగా. నీకూ జ్వరం వచ్చిందటగా. మరి రాలేదేం?"

"పలకమీద మెట్లెక్కడం నాకింకా చేతకాదు అయ్యగారూ. మీరు నేర్పుతారా?"

తిప్పన్న ఆమె చక్రాల పలకవైపు చూశాడు, కొండమీది కోటవైపు చూశాడు.

ఓబులమ్మ బుట్ట పక్కన పెట్టింది. "పక్కింటాయన కోటలో కొంత మిగిల్చి తెచ్చిన కషాయం నేనూ తాగాను. రెండు రోజులు వాంతులు, కడుపులో నిప్పులు పోసినట్టు మంట. ఊరూరికీ పంపుతారటగా. నాలాంటివాళ్ళు ఎంతమంది తాగుతారో ఏమో!"

తిప్పన్న పరుగున శరభయ్య ఇంటికి వెళ్ళాడు. ఆయన ఊయల దిగనైనా లేదు.

"ఐదువందల మంది మాట వదిలేసి బుట్టలావిడ మాట నమ్మమంటావా? ఆవిడ నా లెక్కలోనే లేదు, పోవయ్యా!"

తిప్పన్న శరభయ్యను తిట్టుకుంటూ సగం దారి నడిచాడు. దండోరా రాసిన మహానుభావుడెవరో గుర్తొచ్చి, మిగతా సగం తననే తిట్టుకున్నాడు. తిట్లకు మాత్రం ప్రాసలు బాగానే కుదిరాయి.

మర్నాడు రాజు దగ్గర చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, రేపు బళ్ళు కదిలేముందు వైద్యులందరికీ శాలువాలు కప్పాలి. ఆ పని నాకు వదిలేయండి."

రాజు సరేనని పన్నెండు శాలువాలు ఇప్పించాడు.

బళ్ళు కట్టే రోజు రానేవచ్చింది. మధ్యాహ్నం వేళ తిప్పన్న తన పల్లకీలో ఓబులమ్మను కూర్చోబెట్టి, చెంచయ్యతో కలిసి మెట్లెక్కి, ఆయాసపడుతూ సభకు వచ్చాడు. శాలువాలు మడత విప్పకుండా రాజు ముందు పెట్టాడు.

"ఇవ్వలేదేమయ్యా?" అన్నాడు రాజు.

"ఎవరికివ్వను ప్రభూ? మన రాజ్యంలో వైద్యులు లేరు."

శరభయ్య దిగ్గున లేచాడు. "నేను లేనా? నా పదకొండుమంది శిష్యులు లేరా?"

"పొద్దున్నే మీ వీధిలో ఇంటింటికీ పిలుపు వచ్చిందిగా! ఒక్కరూ కదల్లేదు."

తిప్పన్న సైగ చేయగానే చెంచయ్య చేతులు చకచకా ఆడించి ఆ పిలుపు మళ్ళీ చూపించాడు.

"ఆ చేతులాట నాకేం అర్థమవుతుంది? అడుక్కోవడానికొచ్చాడనుకుని తలుపేశాను!" అన్నాడు శరభయ్య.

తిప్పన్న రాజువైపు తిరిగి నమస్కరించాడు.

"వచ్చినవాళ్ళనే లెక్కపెట్టాను ప్రభూ. రానివాళ్ళు రాజ్యంలో లేనట్టేగా! ఈ లెక్క శరభయ్యగారి దగ్గరే నేర్చుకున్నాను."

సభ గొల్లుమంది. రాజూ నవ్వబోయాడు గానీ, ఓబులమ్మ తన వాంతుల సంగతి చెప్పేసరికి మొహం మారిపోయింది.

"మందు తాగాక నడిచావా?" అని అడిగాడు శరభయ్య, గొంతు తగ్గించి.

"నడిచే కాళ్ళుంటే మీ కోటకే వచ్చేదాన్ని కదయ్యా!"

శరభయ్య కూలబడ్డాడు. "వచ్చినవాళ్ళంతా మెట్లెక్కి చెమటలు కక్కారు. అందుకే మందు ఒంటికి పట్టిందేమో! ప్రభూ, నేను పరీక్షించింది కషాయాన్నో మెట్లనో నాకే తెలియడం లేదు!"

"బళ్ళు విప్పేయండి!" అని అరిచాడు రాజు. మళ్ళీ పరీక్ష పెట్టమన్నాడు. ఈసారి జనం ఉన్నచోటికే వైద్యులు వెళ్ళాలి. ఎవరిని ఎలా పిలవాలో, ఎలా అడగాలో ముందుగా ఓబులమ్మ, చెంచయ్యల దగ్గర నెల్లాళ్ళు నేర్చుకోవాలి. శాలువాలు ఆ గురువులిద్దరికీ దక్కాయి.

"అది సరే, ఆ దండోరా రాసిందెవరు తిప్పన్నా?" అన్నాడు రాజు.

"ఎవడో ప్రభూ, తనంత తెలివైనవాడు లేడనుకునే వెధవ. వాణ్ణి శిష్యుల ముందు వరసలో కూర్చోబెట్టండి" అని, తిప్పన్న అక్కడికక్కడే చెంచయ్య ముందు చతికిలబడ్డాడు. చెంచయ్యను చూస్తూ 'అందరూ రండి' అని సభకంతా కనపడేలా గొప్పగా చేతులు తిప్పాడు.

చెంచయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యగారూ, మీరన్నది 'అందరూ రండి' అని కాదు. 'నా మేక తప్పిపోయింది' అని!"

రాజు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన్న మెడలో వేశాడు.