చిప్స్ పీటకు అందని ముక్క

అనగనగా ఒక ఊళ్ళో, మూకుట్లో నూనె కాగితే వీధంతా తెలిసిపోయే ఒక ఇంట్లో, పేరిందేవమ్మ అనే అత్తగారు ఉండేది. ఆవిడ కోడలు వకుళ. దేన్ని చూసినా "ఇదెందుకిలా ఉంది?" అని అడిగే రకం, అచ్చం నీలాగే. ఊఁ కొడుతూ ఉండు, లేకపోతే ఆపేస్తాను.

పేరిందేవమ్మకు శేషాచలం అని ఒక తమ్ముడు. దీపావళి వెళ్ళాక అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళు తమ చేత్తో వండి వడ్డించింది తినాలి. భగినీ హస్త భోజనం అంటారు దాన్ని. శేషాచలం ఏటా వచ్చేవాడు. ఎన్ని వండినా అరటికాయ చిప్స్ లేనిదే విస్తరి ముందు కూర్చునేవాడు కాదు. ఆవిడ కాయ చేత్తో పట్టుకుని, కాగే మూకుడు మీదే చాకుతో చకచకా కోసి నూనెలోకి వదిలేది. చక్రాలు ఉల్లిపొరల్లా పడేవి.

ఒక ఏడు ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఒక చక్రం సన్నం, ఒకటి లావు. సన్నవి మాడిపోయేవి, లావువి మెత్తగా ఉండిపోయేవి. అప్పుడు ఆవిడ చాకు పక్కన పెట్టేసింది.

"తమ్ముణ్ణి ఈసారి రావద్దని చెప్పమ్మా" అంది కళ్ళు ఒత్తుకుంటూ.

"నేను కోస్తాను కదా అత్తయ్యా!"

"నువ్వు కోస్తే అది అక్క చేతి వంట ఎలా అవుతుందే?"

వకుళకు ప్రాణం ఉసూరుమంది. కానీ బుర్ర ఊరుకోదుగా. చక్రాలు సమంగా రావాలంటే చెయ్యే కదలకుండా ఉండాలా, కత్తి కదలకుండా ఉంటే చాలదా అని ఆలోచించింది. అప్పుడు తిరునాళ్ళకు వెళ్ళి ఎర్ర ప్లాస్టిక్ చిప్స్ పీట కొనుక్కొచ్చింది. పలక లాంటిదే, మధ్యలో బ్లేడు ఉంటుంది. పైన కాయ జరిపితే కిందికి చక్రాలు రాలతాయి.

తెచ్చింది సరే, ఆ ఇంటి అలవాటు పోతుందా? పీటను తిన్నగా కాగే మూకుడు మీదే పెట్టింది! ఇంకేముంది, ఆ వేడికి పీట అప్పడంలా వంకరపోయింది.

ఆ తర్వాత సామాన్ల కొట్లోంచి తళతళలాడే స్టీలు పీట తెచ్చింది. ఈసారి బుద్ధిగా పళ్ళెం మీద పెట్టి గీసింది. కానీ దాని బ్లేడు గడగడలాడేది, కాళ్ళు జారిపోయేవి. చక్రాలు బాగానే పడుతున్నాయి కదా అని కాయను కొస దాకా రుద్దింది. కాయ అయిపోయింది, వేలు వచ్చింది. చురుక్కున తెగింది. ఒక్క అర చక్రం కోసం వేలు పోగొట్టుకుంటారుటే ఎవరైనా?

పేరిందేవమ్మ పసుపు అద్ది గుడ్డ కట్టింది. "నువ్వు మెరుపు చూసి కొంటున్నావు. పద, ఈసారి నేనొస్తాను" అంది.

కొట్లో ఆవిడ ఒక్కో పీటనూ బల్ల మీద పెట్టి నొక్కి చూసింది. జారినదాన్ని పక్కన పెట్టేసింది. బ్లేడును పక్కనుంచి కదిపి చూసింది. ఊగినదాన్నీ పక్కన పెట్టేసింది. చివరికి రబ్బరు కాళ్ళది ఒకటి మిగిలింది. దానికో మర. అటు తిప్పితే సన్నం, ఇటు తిప్పితే లావు. దాంతోపాటు పళ్ళున్న మూత లాంటిది ఇంకొకటి ఉంది.

"ఇదెందుకు నాయనా?" అని ఆవిడే అడిగింది. కోడలి జబ్బు అత్తగారికి అంటుకుంది, చూశావా?

"కాయను ఆ పళ్ళకు గుచ్చి, పైన పిడి పట్టుకుని జరపాలమ్మా. గాడిలోనే నడుస్తుంది. వేలు బ్లేడు దగ్గరికే పోదు" అన్నాడు కొట్టతను.

ఆవిడ పిడి పట్టుకుని జరిపింది. చెయ్యి వణుకుతూనే ఉంది. పిడి మాత్రం తిన్నగా వెళ్ళింది. ఇంకోసారి జరిపింది, మళ్ళీ తిన్నగానే వెళ్ళింది. అప్పుడు అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

హస్త భోజనం రోజున పేరిందేవమ్మే గీసింది, పేరిందేవమ్మే వేయించింది. కాకపోతే ప్రతి కాయకూ కొసన ఒక ముక్క పిడి పళ్ళలోనే ఉండిపోయేది. దాన్ని గీయబోతే మళ్ళీ వేలికే ప్రమాదం.

"అవి కూరలో పడేద్దాం అత్తయ్యా" అంది వకుళ.

"కూరలో ఎందుకు?" అని ఆవిడ వాటిని చాకుతో, వణికే చేత్తోనే వంకరటింకరగా కోసి మూకుట్లో వేసేసింది.

శేషాచలం వచ్చాడు, విస్తరి ముందు కూర్చున్నాడు. ఒక చిప్ నోట్లో వేసుకున్నాడు, ఇంకొకటి వేసుకున్నాడు.

"అక్కా, ఇవి కొట్లో కొన్నావా? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి" అన్నాడు.

పేరిందేవమ్మ మొహం మాడిపోయింది.

అప్పుడు ఆయన వేళ్ళకు ఒక వంకర ముక్క తగిలింది. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇదిగో, ఇదీ మా అక్క చెయ్యి!" అని గిన్నె లాక్కుని, వంకరవన్నీ ఏరుకోవడం మొదలుపెట్టాడు.

పేరిందేవమ్మ నవ్వుతూనే ఏడ్చింది. మిగిలిన వంకర ముక్కలన్నీ తనే తీసి తమ్ముడికి వడ్డించింది. చెయ్యి వణికి సగం ముక్కలు విస్తరి బయట పడ్డాయి. ఆయన అవి కూడా ఏరుకుని తిన్నాడు.

కథ కంచికి, చిప్స్ పీట గూటికి,
వంకర ముక్క తమ్ముడి నోటికి,
కునుకు నీ కంటికి, మనం ఇంటికి!