ఓబులమ్మ జాడీ, భట్టుగారి జాడీ

ఒకానొక రాజ్యంలో, కొండతేనెకు కరువు లేని చోట, మకరకేతుడనే రాజు ఉండేవాడు. ఆయనకు తన మాట మీద ఎంత నమ్మకమంటే, ఇవాళ వాన లేదని చెప్పి బయలుదేరాడంటే, నిలువునా తడిసి కూడా వాన పడిందని ఒప్పుకొనేవాడు కాదు.

ఆయన కొలువులో తిప్పన ఉండేవాడు. రాజుగారికి ఆకువక్క చుట్టి ఇవ్వడం అతని పని. నోరు ఊరుకోకపోవడం అతని గుణం.

ఒక చలికాలం ఊరంతా దగ్గు పట్టుకుంది. ఆడవాళ్లు ఎప్పటిలాగే తులసి, శొంఠి, మిరియాలు తేనెలో ఊరవేసి ఇంటిల్లిపాదికీ నాకించారు. రాజవైద్యుడు గంభీరభట్టు గుమ్మం తొక్కినవాడు లేడు. భట్టుకు కడుపు మండింది. తిన్నగా రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ! శాస్త్రం తెలియనివాళ్లు వంటింట్లో మందులు చేస్తున్నారు. ఇక రాజ్యం ఏమైపోవాలి?"

రాజు మీసం దువ్వి చాటింపు వేయించాడు. ఇకమీదట తేనెమందు భట్టుగారు రాసిన పద్ధతిలోనే చేయాలి. మంచు ఆరకముందే తులసి కోసి, పన్నీటిలో ముంచి, ఆ తడితోనే తేనెలో వేసి, బిరడా బిగించి లక్కముద్ర వేయాలి. పాత పద్ధతిలో పెట్టిన జాడీలను పదిహేను రోజుల తరవాత, పున్నమి నాడు, భటులు ఇల్లిల్లూ తిరిగి పగలగొడతారు.

తిప్పన ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే అతని భార్య ఓబులమ్మ చేతిలో చేట కింద పడేసింది.

"తడి ఆకు తేనెలో వెయ్యడమా? ఆ భట్టు ఎప్పుడైనా పొయ్యి మొహం చూశాడా? ఆకు కడిగి, గలగలలాడేదాకా నీడన గుడ్డ మీద ఆరబెట్టాలి. తడి చేరితే తేనె పులిసి పొంగదూ? పక్కింటి పెద్దాయన దగ్గి దగ్గి సొమ్మసిల్లుతున్నాడయ్యా. నా జాడీ పగిలితే ఆయనకేం పెట్టను?"

"పగలదులేవే. ఈలోగా భట్టుగారి పద్ధతిలో నేనొక జాడీ పెడతాను."

"నీకేమన్నా పిచ్చా?"

"రాజాజ్ఞ!" అన్నాడు తిప్పన నవ్వుతూ.

మర్నాడు సామానంతా కొలువుకే పట్టుకెళ్లాడు. భట్టు కళ్లెదుటే, చెప్పింది చెప్పినట్టు చేశాడు. పన్నీరు ఒక్క చుక్క ఎక్కువ వేయలేదు, తక్కువ వేయలేదు. ముద్ర కూడా భట్టు చేతనే వేయించి, జాడీని సింహాసనం పక్కనే పెట్టించాడు.

పున్నమి నాడు, భటులు ఇళ్ల మీదికి బయలుదేరకముందే, కొలువు నిండింది. తిప్పన చంకలో ఇంకో జాడీతో వచ్చాడు. దాని మూతికి నూలుగుడ్డ కట్టి ఉంది.

"అదేమిటిరా?" అన్నాడు రాజు.

"పాత పద్ధతిది ప్రభూ. కొత్తది బాగుందని తేలితే దీన్ని నేనే పగలగొడతాను. ఒక్క మనవి. అంత గొప్ప జాడీ మూత తియ్యడానికి నా చేతులు తగవు. పద్ధతి రాసిన చేతులే తియ్యాలి."

భట్టు ఉబ్బిపోయాడు. శాలువా సర్దుకొని, "దీని వాసనకే సగం దగ్గు పారిపోతుంది, చూడండి" అంటూ జాడీ మీదికి వంగి, లక్క గీకి, బిరడా కదిపాడు.

టప్పుమంది! బిరడా ఎగిరి పైకప్పుకు కొట్టుకుంది. నురగ బుసబుసా పొంగి భట్టుగారి గడ్డం, శాలువా ఏకం చేసింది. తులసాకులు మీసానికి అతుక్కున్నాయి. పులిసిన కల్లు వాసన కొలువంతా కమ్ముకుంది.

"ద్రోహం! వీడు ఇందులో ఏదో కలిపాడు!"

"ముద్ర మీరే వేశారు కదా స్వామీ! జాడీ ప్రభువులవారి పక్కనుంచి కదిలిందా?"

రాజు కనుబొమలు ముడివేశాడు.

"అయితే తప్పు నా ఆజ్ఞదంటావా?"

ఇప్పుడు మాట తూలితే పగిలేది జాడీ కాదు, తిప్పన తల.

"ఎంతమాట ప్రభూ! మీ ఆజ్ఞ రాజ్యమంతా విన్నది. ఈ తేనె ఒక్కటే వినలేదు. దీన్ని కొరత వేయించండి."

రాజు వస్తున్న నవ్వును పెదవి కింద బిగబట్టాడు. "మరి ఆ రెండోది? అది ఎవరి ఆజ్ఞ?"

"మా ఆవిడది. ఆవిడ మాట మా ఇంట్లో తేనెతో సహా అందరూ వింటారు."

రాజు ఆపుకోలేక పకపకా నవ్వాడు. నవ్వుతో పాటు దగ్గు కూడా వచ్చింది. తిప్పన గుడ్డ విప్పి ఒక చెంచా అందించాడు. రాజు నాకి, గొంతు సవరించుకొని, మళ్లీ చెంచా చాచాడు. చాటింపు అక్కడికక్కడే రద్దయింది. ఎవరి జాడీ వారింట్లో భద్రంగా ఉంది. రాజు చేతి కడియం తిప్పన చేతికి వచ్చింది.

"రేపటికి నాకూ ఒక జాడీ పంపించు."

"రేపటికి కుదరదు ప్రభూ. ముందు ఆకు ఆరాలి, తరవాత ఊరాలి."

"రాజు అడిగినా?"

"మా ఆవిడనడిగి చెబుతాను."

ఈసారి రాజు సింహాసనం పట్టుకొని మరీ నవ్వాడు.